రేకుకు తగలనీయొద్దు

ఆలూరులో ఆదోని దారి పట్టుకుని నాలుగడుగులు వేస్తే ఎడమ పక్కన నా దుకాణం కనిపిస్తుంది. ఇళ్ళ పైకప్పులకు వేసే రేకులు అమ్ముతాను. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. చుట్టుపక్కల పల్లెల్లో మట్టి మిద్దెలు పడగొట్టి రేకులు వేసుకున్న ఇళ్ళలో సగానికి సగం నా చేతి మీదుగా పోయినవే. ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఇళ్ళలో మనిషనేవాడు ఉండలేడనీ, ముసలీ ముతకా పక్కింటి పంచల్లో పొద్దు గడుపుతారనీ నాకు తెలుసు. తెలిసీ అమ్మాను. మిద్దె అంటే లేమి, రేకులంటే ఎదుగుదల అని జనమే అనుకుంటుంటే వద్దు నాయనా అనడానికి నేనేమైనా సన్యాసినా?

అందుకని, నా నోట్లో మట్టి కొట్టడానికి బయల్దేరిన మనిషి గురించి నేనే కూర్చుని రాస్తున్నానంటే మీకు అనుమానం రావాలి. ఆమె పేరు శివకుమారి. నా పేరు నరసన్న. నన్ను ఊళ్ళో రేకుల నరసన్న అంటారు, ఆమెను చౌడు శివకుమారి అంటారు. నా పేరు దుకాణం చూసి పెట్టారు. ఆమె పేరు ఎగతాళికి పెట్టారు. పెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

చౌడంటే తెలియనివాళ్ళకు చెబుతాను. ఉప్పు పేరుకుపోయిన మట్టి. అది ఉన్నచోట గడ్డిపరక కూడా మొలవదు. కానీ ఆ పనికిరాని మట్టే మా మిద్దెలను కాపాడింది. దూలాల మీద బండలు పరిచి, బండల మీద మన్ను వేసి, అన్నిటికీ పైన చౌడు పోసేవాళ్ళు. వాన పడితే అది సబ్బులా జారుడుగా మారి ఒక్క చుక్కను కిందికి దిగనిచ్చేది కాదు. ఎండ కాస్తే ఆ మందమంతా దాటి వేడి లోపలికి దిగేసరికి సాయంత్రమయ్యేది. కాకపోతే ఏటేటా వానలకు ముందు కొత్త చౌడు పోసుకోవాలి. ఆ పనిలో శివకుమారి తండ్రి చిన్న ఈరన్నను మించినవాడు లేడు. చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఇది మంట, పారేయండి" అనో, "జివ్వుమంటాండాది, గంపలకెత్తండి" అనో తేల్చేవాడు. ఆయన మాటకు తిరుగులేదు.

శివకుమారి చిన్నప్పుడు తండ్రి వెంట ఆ గంపలు మోసింది. ఇంటర్ దాకా చదివింది. లారీ తోలే ఈరేష్‌ను పెళ్ళి చేసుకుని బేతంచెర్ల పోయి, అక్కడ నాపబండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో ఆరేళ్ళు పని చేసింది. బండను అరగదీసేటప్పుడు కారే బురద ఎండి మెత్తటి పొడి అవుతుంది. అది ఎవరికీ అక్కర్లేదు, దారి పక్కన గుట్టలుగా పడి ఉంటుంది. తండ్రికి మోకాళ్ళు పోయాక ఆమె మొగుడితో సహా ఊరికి తిరిగొచ్చింది. వచ్చేసరికి పుట్టిన మిద్దె లేదు. ఎక్కి చౌడు పోసే ఓపిక లేక చిన్న ఈరన్న దాన్ని పడగొట్టి నా దగ్గరే రేకులు కొన్నాడు. "నా నెత్తిన నేనే పెనం బోర్లించుకుంటి నరసన్నా" అన్నాడు రేకులు బండికెత్తిస్తూ. అప్పుడు నేను నవ్వాను.

ఆమె ఆలోచన ఎక్కడ మొదలైందో ఆమే నాకు చెప్పింది. ఆ ఎండాకాలం ప్రతి మధ్యాహ్నం ముసలాయన తన మంచాన్ని ఈడ్చుకుంటూ పోయి ఇంట్లో ఒకే మూలకు వేసుకునేవాడట. రోజూ అదే మూల. ఏముందక్కడ అని ఆమె రేకుల మీదికెక్కి చూసింది. గాలికి రేకులు లేచిపోకుండా అందరూ పైన రాళ్ళు పెడతారు. చిన్న ఈరన్న పాత అలవాటు కొద్దీ నాలుగు యూరియా సంచుల్లో చౌడు నింపి ఆ మూలన పరిచి పెట్టాడు. వాటి కింద మాత్రమే రేకు చేత్తో తాకేటట్టు ఉంది.

మర్నాడే ఆమె నా దుకాణానికి వచ్చింది.

"మామా, ఒక్క రేకు కావల్ల."

"ఒక్క రేకుతో ఏం జేస్తావు పాపా? కోళ్ళగూడుకా?"

"చౌడు పూస్తా. చౌడు, బండల పొడి, సున్నం కలిపి అంగుళం మందాన రేకు మీద పూస్తా. పైన తెల్లగ సున్నం కొడతా. మిద్దెను రేకు మీదికి ఎక్కిస్తా. ఎక్కితే ఇంటింటికీ చేసిస్తా. పుణ్యానికి కాదు మామా, దుడ్లు తీసుకునే చేస్తా. ఈ రేకుల ఊర్లన్నీ నావే."

"పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుండాది నీ వరస" అన్నాను.

"చుట్టు మామా. రోకలి గూడా నీ అంగట్లోనే కొంటా" అంది.

ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. చౌడు రేకును తినేస్తుందని నాకు తెలుసు. ఒకప్పుడు ఊరి బయట చౌడు స్థలంలో నా రేకులతోనే దడి కట్టాను. రెండు వానాకాలాలు గడిచేసరికి మట్టి తగిలినంత మేర చెద పట్టినట్టు రాలిపోయింది. ఆ రోజు శివకుమారి మాట్లాడుతుంటే ఆ దడి నా కళ్ళ ముందుకు వచ్చింది. "తినేస్తాది పాపా" అనే రెండు మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాను. ఈ పిల్ల పని నిలిస్తే జనం మళ్ళీ మట్టి వైపు చూస్తారనే భయం కొంత, చూద్దాం ఏమవుతుందోననే వేడుక కొంత. "బాగుండాది, చేసి చూడు" అని రేకు కట్టించి పంపాను.

చిన్న ఈరన్నకు మాత్రం నిజంగానే తెలియదు. ఆయన జీవితమంతా చౌడు బండ మీదే పడింది, ఇనుము మీద ఎప్పుడూ పడలేదు. నాలుకకు మంట పుట్టించే మట్టిని పట్టుకోగలడు గానీ, రేకుకు నాలుక ఉందని ఆయనకెవరు చెప్పాలి?

ఆ ఒక్క రేకు మీద పూత పట్టడం చూశాక, ఆమె పని మొదలుపెట్టిన ఇల్లు గిడ్డమ్మది. గిడ్డమ్మ కూలిపని చేసుకునే మనిషి, అరవై దాటింది, ఒక్కతే ఉంటుంది. నోటికి జంకు లేదు. ఎనిమిదేళ్ళ కింద నా దగ్గర రేకులు కొన్నప్పటినుంచి మే నెల మధ్యాహ్నాలు ఎవరెవరి పంచల్లోనో పొద్దు గడుపుతోంది. పరాయి పంచలో పడుకుంటే ఇల్లుగలవాళ్ళు కాళ్ళు కడుక్కునే నీళ్ళు మీద చిందుతాయని, కూర్చునే కునుకు తీసేది. శివకుమారి అడగ్గానే "పుయ్ తల్లీ, సచ్చినాక సల్లే పన్నీరు కన్నా ఇదే మేలు" అంది.

ఏప్రిల్‌లో పూశారు. మే నెల నడిమధ్య గిడ్డమ్మ పనిగట్టుకుని నా దుకాణం ముందుకు వచ్చి, "ఏమప్పా నరసన్నా, నీ రేకులు ఇప్పుడు మనుషులయినాయి!" అని నలుగురూ వినేలా అరిచి పోయింది. ఆ వేసవిలో ఇంకో ఐదారిళ్ళవాళ్ళు శివకుమారి గడప తొక్కారు. వాన చూసి ఒప్పుకుంటానని ఆమే ఆపింది. ఆపడం ఎంత మంచిదైందో దసరాకు తెలిసింది.

దసరా నాటికి గిడ్డమ్మ ఇంట్లో నేల మీద ఎండ చుక్కలు పడ్డాయి. రేకు జల్లెడ అయింది. చౌడు తడిసినప్పుడల్లా కింద తన పని తాను చేసుకుపోయింది. గిడ్డమ్మ వీధిలో నిలబడి కొంగు నడుముకు చుట్టింది.

"చౌడు తెచ్చి నా కొంప చౌడు జేసినావు గదే! నీకేం పాపం జేసినానే? నువ్వు మల్లా నా ఇంటి మీద కాలు పెడితే ఆ కాలు ఇరగ్గొడతా!"

శివకుమారి చేతులు కట్టుకుని చివరిదాకా విని, "తప్పు నాదే అవ్వా. కొత్త రేకులు నేను ఏపిస్తా" అంది. ఆ రేకులు నా దగ్గరే కొంది. నేను పైసా తగ్గించలేదు. పైగా టీ కొట్టు దగ్గర, సంతలో, బస్టాండులో కనపడిన ప్రతివాడితో, "నేనప్పుడే అనుకున్నా" అని చెప్పుకు తిరిగాను. మనవాళ్ళకు ఒక జబ్బుంది. ఎవరి పని చెడినా మనం ముందే అనుకున్నామని చెప్పుకోకపోతే ముద్ద దిగదు.

ఆ మాటే నన్ను పట్టిచ్చింది. వారం తిరక్కముందే ఆమె వచ్చి దుకాణంలో బల్ల మీద కూర్చుంది.

"అప్పుడే అనుకుంటివంట గదా మామా."

"ఆ... ఏదో... అంటారు గదా పాపా."

"ఏమనుకుంటివి? అప్పుడంటే ఎప్పుడు? నేను రేకు కొన్న నాడేనా?"

నేను తూకం రాళ్ళు సర్దడం మొదలుపెట్టాను. ఆమె కదల్లేదు. చివరికి దడి సంగతి చెప్పేశాను. చెప్తున్నంతసేపూ ఆమె నా మొహంలోకే చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"తెలిసీ చెప్పకపోతివి" అంది నెమ్మదిగా. "సరే. ఇప్పుడు చెప్పు."

"ఏం చెప్పల్ల? తప్పయిపాయ పాపా, మనసులో పెట్టుకోవద్దు."

"నీ తప్పయిపాయ నాకేంటికి మామా, అన్నంలోకా పప్పులోకా? రేకు గురించి నీకు తెలిసిందంతా చెప్పు. దేనికి తుప్పు పడతాది, ఎంత బరువు మోస్తాది, గాలికి యాడ లేస్తాది. అంతా. నువ్వు చెప్పేదాకా ఈ బల్ల మీద నుంచి లేసేది లేదు."

లేవలేదు కూడా. ఆ రోజు నేను చెప్పింది ఆమె పాత క్యాలెండరు వెనక రాసుకుంది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఆర్నెల్లపాటు ఆ బల్ల ఆమెది. ఊళ్ళో జనం 'చౌడు శివకుమారి' అని పిలిస్తే పలకడం మొదలుపెట్టింది. "ఆ పేరే పెడతా నా కంపెనీకి. పిలిచి పిలిచి మీరే ప్రచారం చేస్తిరి" అనేది.

యూరియా సంచుల గుట్టు మొదట పట్టుకున్నది ఆమే. తండ్రి మంచం పైన ఉన్న రేకు మాత్రం ఎందుకు తుప్పు పట్టలేదని తల పట్టుకుని కూర్చుని, ఒకరోజు పరుగున వచ్చింది. "సంచి మామా! సంచి అడ్డం ఉండాది! చౌడు రేకుకు తగల్లేదు!" అంతే, పూత మానేసి బిళ్ళలు పోయడం మొదలుపెట్టింది. అడుగు పొడవు, అడుగు వెడల్పు. కింద బండల పొడీ సున్నం, పైన చౌడు, ఆ పైన తెల్లటి సున్నం. ప్రతి బిళ్ళకూ వేలెడు ఎత్తున నాలుగు కాళ్ళు, కాళ్ళకు పాత లారీ ట్యూబు ముక్కల తొడుగులు. బిళ్ళకూ రేకుకూ మధ్య గాలి ఆడుతుంది, మట్టి రేకును తాకదు. ట్యూబులు, బండల పొడి ఈరేష్ లారీలో వచ్చేవి. మొదటి బిళ్ళ ఎత్తి చూసి నేను కింద పెట్టేశాను.

"ఇంత బరువైతే ఇల్లు కూలతాది. రెండు కిలోలు దాటకూడదు."

ఆమె వేరుశనగ పొట్టు కలిపి తెచ్చింది. పగిలింది. సున్నం పెంచింది. మళ్ళీ పగిలింది. "ఇది కాని పని, వదిలేయ్" అంటే వినదే. "తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం నువ్వు" అని విసుక్కుంటే, "నా కుందేలుకు నాలుగు మామా, లెక్కపెట్టుకో" అని బిళ్ళ తిరగేసి చూపించింది. పదిహేడో రకానికి బరువు సరిపోయింది, కాళ్ళు నిలిచాయి. గాలికి లేవకుండా కొక్కేలు ఎక్కడ వేయాలో నేనే గీసిచ్చాను. గీసిస్తున్నప్పుడు నా చేతులు నా వ్యాపారాన్నే తవ్వుతున్నాయని తెలుసు. అయినా ఆ పని నాకు రుచించింది, దాచడం ఎందుకు?

ఆమె ఒక చెక్క అచ్చు చేయించింది. పచ్చిగా ఉన్నప్పుడే ప్రతి బిళ్ళ అడుగున దాన్ని ఒత్తేది. అందులో ఉన్న మాటలు ఇవి: 'ఇది చౌడు. రేకును తినేస్తుంది. రేకుకు తగలనీయొద్దు.'

చదివి నేను తల తిప్పుకున్నాను.

బిళ్ళల కబురు ఎట్లా పాకిందో, ఒకరోజు కడప నుంచి కారు వచ్చింది. వచ్చినతని పేరు భూపేష్. వాళ్ళది మైదుకూరు వైపు పెద్ద రైతు కుటుంబం, పసుపు పంటలో పేరున్నవాళ్ళు. బెంగళూరులో చదివి వచ్చి, కడపలో ఆఫీసు తీసి, కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్ళకు పెట్టుబడి ఇస్తున్నాడు. మనిషి మర్యాదస్తుడు. ఎండలో గంటసేపు నిలబడి అంతా చూశాడు.

"అక్కా, ఇది క్లైమేట్ టెక్నాలజీ. శానా పెద్దది. నీకు తెలుస్తాందా?" అన్నాడు.

"మా నాయన దీన్ని మిద్దె అనేవాడు సార్" అంది శివకుమారి.

అతను నవ్వి, మాట్లాడుకుందాం కడపకు రమ్మన్నాడు. మొగుడు లారీ మీద పోయాడని తోడుకు నన్ను తీసుకుపోయింది. ఏసీ గదిలో చలికి నా మోకాళ్ళు పట్టేశాయి. భూపేష్ అన్నీ ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. షెడ్డు వేయిస్తాడు, యంత్రాలు తెప్పిస్తాడు, ఊరూరా అమ్మిస్తాడు. వాటాలో సగం ఆమెదే. ఇంత మంచిగా జరుగుతోందేమిటని నేను అనుకుంటుండగా మూడు మాటలు అన్నాడు.

"పేరొక్కటి మారుద్దామక్కా. చౌడు అంటే హైదరాబాదులో చెవుడు అనుకుంటారు. చెవిటోళ్ళ మిషన్లు అమ్ముతాండామా అంటారు. రెండోది, ఆ ముసలామె రేకులు తుప్పు పట్టిన కథ ఎవరికీ చెప్పొద్దు. మూడోది, బిళ్ళ అడుగున ఆ రాత తీసేయల్ల. ఎవరన్నా తమ వస్తువు మీద తామే తప్పు రాసుకుంటారా?"

శివకుమారి ముందున్న బిళ్ళను తిరగేసి, ఆ రాత మీద వేలు పెట్టింది. తీసుకోవే తల్లీ అని నేను మనసులో మొక్కుకుంటున్నాను.

"పేరంటే పేరు సార్, దాని సంగతి తర్వాత చూద్దాం. ఆ రాత మటుకు తీయను. బిళ్ళ పగిలితే ముక్క రేకు మీద పడతాది. ఎవరన్నా ట్యూబు తొడుగు పీకి ఆడుకుంటారు. ఆ మాట తెలియకపోతే ఇంగో ఇల్లు జల్లెడయితాది. తెలిసినోళ్ళు చెప్పకుంటే ఏమయితాదో నాకు తెలుసు."

నా వైపు చూడలేదు. చూడాల్సిన పనీ లేదు.

"వాడే పద్ధతి కాగితం విడిగా ఇద్దాం గదక్కా."

"కాగితం గాలికి పోతాది. గిడ్డమ్మవ్వ ఇల్లు నేను చేసిన మొదటి ఇల్లు సార్. దాన్ని మింగి రెండో ఇంటి గురించి ఎట్ల మాట్లాడేది? ఈడ సల్లగ కూచోని వేడి గురించి మాట్లాడితే ఏం తెలుస్తాది? రోహిణి కార్తెలో మా ఊరికి రాండి. గిడ్డమ్మవ్వ ఇంట్లో కూచుందాం. అప్పుడు సంతకాలు."

"ఈ నెల దాటితే నేను మాట ఇయ్యలేనక్కా."

"ఇయ్యొద్దు సార్."

బిళ్ళను సంచిలో పెట్టుకుని లేచింది. తిరిగొచ్చేటప్పుడు నంద్యాల బస్సులో నేను ఆపుకోలేకపోయాను. ఇంటికొచ్చిన లక్ష్మిని కాలితో తన్నావన్నాను, ఇంత మొండితనం ఆడదానికీ మగవాడికీ ఎవరికీ పనికిరాదన్నాను. మైదుకూరు దాటేదాకా తిట్టాను. ఆమె కిటికీలోంచి పసుపు చేలు చూస్తూ కూర్చుంది.

"భయమేస్తాండాది మామా. శానా భయమేస్తాండాది. నీకేం, తిట్టి ఊరుకుంటావు" అంది. కళ్ళు తుడుచుకుంది. "అయినా తీయను."

అసలు చిక్కు వేరే ఉంది. గిడ్డమ్మ ఇంట్లో కూచుందామని కడపలో చెప్పేసింది గానీ, గిడ్డమ్మ తన ఇంటి మీద ఈమెను కాలు పెట్టనివ్వదు. ఆ ఇల్లు ఒప్పుకోకపోతే ఊళ్ళో ఏ ఇల్లూ ఒప్పుకోదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈమె ఇంట ఓడిపోయి, రచ్చలో పందెం కాసి వచ్చింది. పదహారుసార్లు గిడ్డమ్మ గడప ముందు నిలబడింది. పదిహేడోసారి ముసలామె తలుపు తీసింది.

"బిళ్ళలు ఏపించుకుంటా. ఒకటే మాట. రోహిణి కార్తె మొదటి నాడు, మిట్టమధ్యాన్నం నుంచి నాలుగు దాకా నా ఇంట్లో నువ్వు కూచోవల్ల. ఆ రేకులమ్మిన నరసన్న గూడా కూచోవల్ల. ఇద్దరూ నా ఎదురుగ ఉడకండి. సల్లగుంటే ఉంచుకుంటా. లేదంటే నీ బిళ్ళలు నీ నెత్తినే పగలగొడతా. మల్లా ఈ ఊర్లో చౌడు అనే మాట నీ నోట రాకూడదు."

"సరే అవ్వా" అంది శివకుమారి. నన్నెవరూ అడగలేదు. కార్తె వచ్చేలోగా గిడ్డమ్మ ఇంటి మీద బిళ్ళలు పరిచి, శివకుమారి భూపేష్‌కూ కబురు పెట్టింది.

రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజు నిజంగానే వీధిలో కుక్క కూడా లేదు. పన్నెండు గంటలకు ముగ్గురం లోపల కూర్చున్నాం. గిడ్డమ్మ గోడకు వీపు ఆనించి, విసనకర్ర పట్టుకుని, పోలీసు స్టేషన్లో జమేదారులా మా ఇద్దర్నీ చూస్తోంది. చెమట పట్టింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ అది మామూలు చెమట. నెత్తి మీద పెనం లేదు. నా సొంత రేకుల కింద నేను ఇంతసేపు ఎప్పుడూ కూర్చోలేదని అప్పుడే గుర్తొచ్చింది. నాది స్లాబు ఇల్లు.

ఒంటిగంట దాటింది. గిడ్డమ్మ లేచి చెయ్యెత్తి రేకును తాకింది. చెయ్యి వెంటనే తీసుకోలేదు. మళ్ళీ వచ్చి కూర్చుంది. ఈసారి విసనకర్ర పక్కన పెట్టింది.

"ఈ పిల్ల మొదట తెలీక జేసెలే" అంది నాతో. "తెలిసి ఎవరు జేస్తారు అట్లాంటి పని?"

నేను నేల చూశాను. శివకుమారి కూడా నేలే చూస్తోంది. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఆమె నా సంగతి ఎవరికీ చెప్పలేదని ఆ క్షణంలో అర్థమైంది. ఈ ముసలామెకు కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ తిట్లలో సగం నావై ఉండేవి. నాకు సిగ్గనేది ఆ వయసులో కొత్తగా వచ్చింది.

"తెలిసినోన్ని నేనుంటిని గిడ్డమ్మా" అన్నాను. "చౌడు రేకును తింటాదని నాకు తెలుసు. ఆయమ్మి నా దగ్గర రేకు కొన్నప్పుడే తెలుసు. చెప్పలేదు."

గిడ్డమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"చెప్పింటే నీ నోట్లో ముత్యాలు రాలిపోతుండెనా?" అంది.

అంతే. చెంగు పరుచుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది. కోపంతో అటు తిరిగిందనుకుని నేను అట్లాగే బిగుసుకుని కూర్చున్నాను. కాసేపటికి గురక వినిపించింది. తన ఇంట్లో, తన నేల మీద, ఎండాకాలం మధ్యాహ్నం, కాళ్ళు బారజాపుకుని నిద్రపోతోంది. శివకుమారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్ళు తడిశాయి.

రెండున్నరకు బయట కారు ఆగింది. భూపేష్ తల వంచుకుని గుమ్మంలోంచి లోపలికి వచ్చి, "నమస్తే అక్కా..." అనబోయాడు. శివకుమారి వేలు నోటి మీద పెట్టుకుంది. అతను గిడ్డమ్మను చూశాడు. చెప్పులు బయట విప్పి వచ్చి రేకుకు అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు అట్లాగే ఉంచాడు.

"నేను ఏ పేరుకూ అడ్డం చెప్పను. చౌడు అనే పెట్టుకో" అన్నాడు గుసగుసగా. "ఆ ముసలామె కథ కూడా చెప్పుకో. ఆ రాత ఒక్కటి తీసేయక్కా. నన్ను నమ్మి దుడ్లు పెట్టినోళ్ళకు నేను జవాబు చెప్పుకోవల్ల."

ఆమె తల అడ్డంగా ఊపింది. నోరు తెరిస్తే గిడ్డమ్మ లేస్తుందేమోనని ఒక్క మాట కూడా అనలేదు. అతను కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, చప్పుడు చేయకుండా లేచి పోయాడు. కడపలో ఏసీ గదిలో అంతసేపు మాట్లాడినవాడు ఇక్కడ ఒక ముసలామె గురకకు లొంగిపోయాడు.

అతని పెట్టుబడి రాలేదు. వర్షాకాలం పోయాక మైదుకూరులో వాళ్ళ నాన్న పసుపు గోడౌనుకు మాత్రం బిళ్ళలు కావాలని లారీ పంపాడు. రాతతో సహా ఎత్తుకుపోయారు. ఆ వానాకాలం అంతా నేను పదిహేను రోజులకోసారి గిడ్డమ్మ ఇంటి పైకెక్కి, బిళ్ళ లేపి, రేకు మీద వేలు రాసి చూశాను. తుప్పు లేదు. ఇప్పటికి నలభై చిల్లర ఇళ్ళయ్యాయి. శివకుమారి పెరట్లో ఏడుగురు ఆడవాళ్ళు పని చేస్తున్నారు. చిన్న ఈరన్న మంచం మీద కూర్చుని, వచ్చిన ప్రతి గంప మట్టినీ నాలుక మీద వేసుకుని చూస్తాడు. పెద్ద ఫ్యాక్టరీ కాలేదు. ఎప్పటికవుతుందో తెలియదు. ఎవరైనా అడిగితే, "కానీ, కాకపోనీ. ఆ రాత మటుకు ఉంటాది" అంటుంది.

బిళ్ళలు ఇప్పుడు నా దుకాణంలోనూ అమ్ముతాను. అడిగినప్పుడు ఆమె పెట్టిన షరతు ఒక్కటే. "చదువు రానోళ్ళు వస్తారు మామా. ప్రతి ఒక్కరికీ ఆ రాత నువ్వే చదివి వినిపించల్ల. నీ నోటితో."

వినిపిస్తున్నాను. రోజుకు ఎన్నిసార్లయినా సరే. మొన్న గురువారం గిడ్డమ్మ పక్క ఊరి చుట్టాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. దుకాణం నిండా జనం ఉన్నారు. బిళ్ళ తిరగేసి చదివాను. "ఇది చౌడు. రేకును తినేస్తుంది. రేకుకు తగలనీయొద్దు."

గిడ్డమ్మకు నాలుగు వీధుల అవతల గుసగుసలాడినా వినపడుతుంది. అయినా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది.

"ఇనపళ్ళేదప్పా నరసన్నా. నాకు చెవుడు. రోంత గట్టిగ చెప్పు."

గట్టిగా చెప్పాను.